చీకటికి కాపలా కాసే ఊరు

పొద్దుగూకితే ఆ ఊళ్లో కిటికీలకు దళసరి తెరలు పడతాయి. దారిన పోయే బండిని ఆపి మరీ పెద్ద లైట్లు తగ్గించమంటారు. దొంగల భయంతో కాదు, యుద్ధ భయంతో అంతకన్నా కాదు. చుక్కల కోసం! లద్దాఖ్‌ కొండల్లోని హాన్లే సంగతి ఇది. మెడలో ఓ బైనాక్యులర్స్‌ వేసుకుని అక్కడ ఒక్క రాత్రి గడిపితే చాలు... ఇన్నాళ్లూ నెత్తిమీద ఏముందో చూడకుండానే బతికామని తెలిసిపోతుంది.

మన పెళ్లిళ్లలో ఓ ముచ్చటైన తంతు ఉంది. పురోహితుడు కొత్త జంటను పందిరి బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించి 'అదిగో అరుంధతి' అంటాడు. ముహూర్తం పట్టపగలైనా సరే, కనిపించిందంటూ పెళ్లికూతురు తలూపుతుంది. పెళ్లికొడుకూ తలూపుతాడు. చుట్టాలు ముసిముసిగా నవ్వుకుంటారు. పోనీ రాత్రి ముహూర్తమైతే కనిపిస్తుందా అంటే అదీ కష్టమే. ఫంక్షన్‌ హాలు ముందు సీరియల్‌ లైట్లు, ఫ్లడ్‌లైట్ల మధ్య నిలబడితే వశిష్ఠుణ్నే వెతుక్కోవాలి. ఆయన పక్కన నలుసంత మెరిసే అరుంధతి ఎక్కడ దొరుకుతుంది!

ఆ అరుంధతి ఎవరి సాయమూ లేకుండా కంటికి ఆనే చోటు ఒకటి దేశం ఉత్తరపు కొసన ఉంది. 2022 డిసెంబరులో లద్దాఖ్‌ పాలనాయంత్రాంగం హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 'డార్క్‌ స్కై రిజర్వ్‌'గా ప్రకటించింది. పులులకూ నెమళ్లకూ అభయారణ్యాలున్నట్టే చీకటికీ ఒక అభయారణ్యం అన్నమాట. మనదేశంలో ఇలాంటిది ఇదే మొదటిది.

సింధు ఒడ్డున...

హాన్లే వెళ్లాలంటే ముందు లేహ్‌ చేరాలి. విమానం దిగగానే బయల్దేరితే మాత్రం చిక్కే. లేహ్‌ ఎత్తే సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్లు. అక్కడ కనీసం రెండు రోజులు ఆగి, ఒంటిని ఆ పలుచని గాలికి అలవాటు చేసుకుని, ఆ తర్వాతే కదలాలి. అక్కడి నుంచి హాన్లే మరో రెండున్నర వందల కిలోమీటర్ల పైచిలుకు. దారిలో చాలాభాగం సింధునది తోడు వస్తుంది. ఉప్షీ, వేడినీటి బుగ్గల చుమాథాంగ్‌, మాహే వంతెన, న్యోమా... ఒక్కో ఊరూ దాటేకొద్దీ చెట్లు తగ్గిపోతాయి. కొండలకు మాత్రం ఎన్నెన్ని రంగులో! ఒకటి ఇటుక రంగు, దాని పక్కది ఊదా, ఆ వెనకది బూడిద. లోమా దగ్గర సింధును వదిలేసి దారి హాన్లే లోయలోకి మళ్లుతుంది. ఇక అక్కడి నుంచి పచ్చిక బీళ్లు, వాటిలో మేసే అడవి గాడిదలు, చిత్తడి నేలల్లో అడుగులో అడుగేస్తూ నడిచే నల్లమెడ కొంగలు.

ఊరు చిన్నది. గుట్టమీద పదిహేడో శతాబ్దం నాటి బౌద్ధారామం. కింద మట్టిగోడల ఇళ్లు, పక్కన బార్లీ చేలు. ఈ ప్రాంతపు చాంగ్‌పాలు తరతరాలుగా పశుపోషకులు. ఖరీదైన పశ్మీనా ఉన్ని వచ్చేది వీళ్ల మేకల నుంచే. ఊరి ఎత్తు 4,200 మీటర్ల పైమాటే. మన దగ్గరి గాలితో పోలిస్తే ఇక్కడ ఒక్కో ఊపిరితో అందే ప్రాణవాయువు ఆరు పాళ్లే. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. చలికాలం రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా కంటే పాతిక డిగ్రీలు కిందికి పోవడం ఇక్కడ మామూలే.

మనుషులకు ఇంత కష్టమైన చోటు చుక్కలకు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. హిమాలయాలు రుతుపవనాల మబ్బులకు అడ్డుపడతాయి. ఏడాది మొత్తమ్మీద పడే వానా మంచూ కలిపినా పది సెంటీమీటర్లు దాటదు. గాలిలో తేమ లేదు, దుమ్ము తక్కువ. చుట్టుపక్కల వెలుగులు చిమ్మే నగరమన్నదే లేదు. ఏడాదిలో సుమారు 260 రాత్రులు ఆకాశాన్ని పరిశీలించడానికి పనికొస్తాయి.

గుట్టమీద హైదరాబాద్‌ చెయ్యి

ఊరి పక్కనే 4,500 మీటర్ల ఎత్తున్న కొండమీద తెల్లటి గుమ్మటం ఒకటి కనిపిస్తుంది. అందులో ఉన్నది రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్‌ చంద్ర టెలిస్కోప్‌. నోబెల్‌ గ్రహీత సుబ్రహ్మణ్యన్‌ చంద్రశేఖర్‌ పేరు పెట్టారు దానికి. 2000 సెప్టెంబరులో తొలిసారి కన్ను తెరిచింది. విచిత్రమేంటంటే దాన్ని నడిపే శాస్త్రవేత్తలు అక్కడ ఉండనక్కర్లేదు. బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని ఉపగ్రహం ద్వారా ఇటు తిప్పు, అటు తిప్పు అని ఆజ్ఞలు పంపుతారు.

దీన్ని నడిపే భారత ఖగోళ భౌతిక సంస్థకు తొలి డైరెక్టర్‌ వేణు బప్పు. ఆయన పెరిగింది, చదువుకుంది హైదరాబాద్‌లోనే. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఇంటి పెద్ద పని చేసే చోటే పిల్లాడికి ఆటస్థలమైంది. ఆ కుర్రాడే 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ తోకచుక్కను కనిపెట్టాడు. 'బప్పు-బాక్‌-న్యూకర్క్‌' అంటూ మరో ఇద్దరితో పాటు ఆయన పేరు దానికి స్థిరపడిపోయింది.

హాన్లేలో మన ముద్ర మరోటీ ఉంది. 2024 అక్టోబరులో ప్రారంభమైన 'మేస్‌' టెలిస్కోప్‌ వెడల్పు 21 మీటర్లు. విశ్వంలోంచి వచ్చే గామా కిరణాల జాడ తీస్తుంది. బాబా అణు పరిశోధన కేంద్రం దాన్ని నిర్మించింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ తోడ్పాటుతోనే.

ఇవన్నీ శాస్త్రవేత్తల సరంజామా. మరి మామూలు మనిషి మాటేంటి? అతనికి కావాల్సింది చేతి సంచిలో పట్టేస్తుంది.

రెండు కళ్ల దుర్భిణి

టెలిస్కోప్‌ అనగానే ఒంటికన్ను గొట్టమే గుర్తొస్తుంది. కానీ రెండు కళ్ల దుర్భిణికీ దాదాపు అంతే వయసు. 1608లో హాలెండ్‌లో కళ్లద్దాలు చేసే లిప్పర్‌షే దుర్భిణి పట్టుకుని ప్రభుత్వం దగ్గరికి వెళ్తే, 'రెండు కళ్లతో చూసేలా చేసి పట్టుకురా' అని అడిగారట పెద్దలు. ఆ కోరికలో అర్థముంది. ఒక కన్ను మూసుకుని చూడటం కంటికి శ్రమ. రెండు కళ్లూ చూసినదాన్ని మెదడు కలిపి చూపిస్తుంది కాబట్టి మసక చుక్కలు కూడా మరికాస్త తేటగా కనిపిస్తాయి. అమెరికాలోని ఆరిజోనాలో గ్రాహమ్‌ కొండమీద 8.4 మీటర్ల అద్దాలు రెండు పక్కపక్కనే బిగించిన మహా బైనాక్యులర్‌ టెలిస్కోప్‌ కూడా ఉంది!

మామూలు బైనాక్యులర్స్‌ మీద 10×50 అని రాసి ఉంటుంది. పది అంటే పదిరెట్లు దగ్గరగా చూపిస్తుందని. యాభై అంటే ముందున్న అద్దం వెడల్పు యాభై మిల్లీమీటర్లని. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వెడల్పు ఏడు మిల్లీమీటర్లు. అంటే ఆ అద్దం కంటికన్నా యాభై రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేసి ఇస్తుంది. పైగా టెలిస్కోప్‌లోలాగా బొమ్మ తలకిందులు కాదు. ఒకేసారి ఎక్కువ ఆకాశం కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు దారి తప్పరు. మంచులో బ్యాటరీ చచ్చిపోతుందన్న బెంగా లేదు.

పదిరెట్లు దాటితే మాత్రం చేతి వణుకు కూడా అన్నిరెట్లూ కనిపిస్తుంది. 20×80, 25×100 లాంటి పెద్దవాటికి స్టాండు తప్పదు. వాటిని తక్కువ అంచనా వేయడానికి లేదు. జపాన్‌లోని కాగోషిమా ప్రాంతంలో యూజీ హ్యకుటాకె అనే ఔత్సాహికుడు 25×150 బైనాక్యులర్స్‌తో కొండల్లో రాత్రులు గడిపేవాడు. 1996 జనవరి చివర్లో ఓ తోకచుక్క ఆయన కంటపడింది. అదే ఏడాది మార్చి 25న భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరంలోంచి వెళ్తూ ప్రపంచమంతటినీ డాబాలు ఎక్కించిన 'హ్యకుటాకె' అదే!

అమావాస్య రాత్రి

హాన్లేలో ఆకాశాన్ని చూడాలంటే పంచాంగం చూసి వెళ్లాలి. వెన్నెల ఉంటే చుక్కలు పలచబడతాయి. మనవాళ్లు పెద్దలకు తర్పణాలు వదిలే మహాలయ అమావాస్య నాటి రాత్రి దీనికి బాగా అనువైనది. సెప్టెంబరు చివరో, అక్టోబరు మొదటి వారాలో కాబట్టి చలి కూడా మరీ చంపేసేంత ఉండదు.

సూర్యుడు కొండ దాటిన గంటకు చీకటి చిక్కబడుతుంది. కళ్లు దానికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆలోగా ఎవరైనా సెల్‌ఫోన్‌ వెలిగించారా, లెక్క మళ్లీ మొదటికి! అందుకే ఇక్కడ ఎర్రకాగితం చుట్టిన టార్చిలే వాడతారు. ఎత్తువల్ల ఇంకో చిక్కుంది. ప్రాణవాయువు తగ్గితే కంటి వెనక తెర మందగిస్తుంది. మసక చుక్క కనిపించకపోతే గట్టిగా నాలుగు ఊపిర్లు పీల్చి చూడమంటారు అనుభవజ్ఞులు.

మొదట వాయవ్యం వైపు తిరగాలి. కిందికి వాలిపోతున్న సప్తర్షి మండలం కనిపిస్తుంది. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. దాన్నంటుకుని అరుంధతి. బైనాక్యులర్స్‌ పెడితే ఇద్దరి మధ్యా మరో ఇల్లు కట్టేంత జాగా! స్టాండు బిగించిన 25×100తో చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు.

ఇటు నైరుతిలో ధనుస్సు. పాలపుంత నడిబొడ్డు అటువైపే ఉంది. మామూలు కంటికి తెల్లటి పొగలా ఉన్నది, బైనాక్యులర్స్‌ పెట్టగానే పిండి ఆరబోసినట్టు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా ఏమీ మాట్లాడరు. అద్దాలు దించి ఒకసారి కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటారు.

తొమ్మిదయ్యేసరికి తూర్పున ఆండ్రోమెడా పైకి వస్తుంది. హాన్లేలో ఇది వట్టి కంటికే దూదిపింజలా కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌లో ఆ దూది అటూ ఇటూ సాగి కోలగా పరుచుకుంటుంది. అది మనలాంటి మరో పాలపుంత. ఆ వెలుగు బయల్దేరి పాతిక లక్షల సంవత్సరాలు. అప్పటికి మనలాంటి మనిషే పుట్టలేదు!

దాని వెనకే కృత్తికలు. పల్లెల్లో 'పిల్లలకోడి' అంటారు చూడండి, ఆ గుంపే. కంటికి ఆరో ఏడో కనిపించే పిల్లలు అద్దాల్లో డజన్లకొద్దీ అవుతాయి. కోడి రెక్కల కింద ఇన్ని పిల్లలున్నాయా అనిపిస్తుంది. అర్ధరాత్రి దాటాక మృగశిర, దాని కింద నీలిపొగలాంటి నెబ్యులా. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. నాలుగు గంటలప్పుడు తూర్పున తెల్లటి వెలుగు నిలువుగా లేస్తే తెల్లారిపోయిందని పొరబడతారు. కాదు. గ్రహాల మధ్య తేలే ధూళిమీద పడి మెరిసే సూర్యకాంతి అది. నగరవాసి జీవితంలో చూడనిది.

చీకటి వెల

ఇంతటి చీకటి దానంతటదే మిగల్లేదు. మనుషులు మిగిల్చారు. రిజర్వ్‌ పరిధిలోని పల్లెల్లో ఇళ్లకు మందపాటి తెరలు, బయటి బల్బులకు పైకి వెలుగు పోకుండా మూతలు పెట్టుకున్నారు. కరెంటు బల్బు కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన మారుమూల పల్లెల్లో, అది వచ్చాక 'కాస్త దాచుకోండి' అనడం చిన్న కోరిక కాదు. దానికి బదులుగా ఊరివాళ్లకేం దొరకాలన్న ప్రశ్నా అప్పుడే వచ్చింది. జవాబుగా స్థానికులనే ఎంపికచేసి, శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చారు. వాళ్లను 'ఆస్ట్రో అంబాసిడర్లు' అంటున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పగలు చేనూ పశువులూ చూసుకుని, రాత్రి ఇంట్లో దిగిన అతిథులకు శనిగ్రహపు వలయాలు చూపిస్తారు. చుక్కలు చూపించినందుకు వచ్చిన డబ్బు ఊళ్లోనే ఉంటుంది. చీకటి వాళ్లకిప్పుడు పాడి ఆవులాంటిది.

అయితే ఆవుకూ కష్టాలున్నాయి. హాన్లే మీదుగా వెళ్తే 5,798 మీటర్ల ఎత్తున ఉమ్లింగ్‌ లా వస్తుంది. ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన వాహన మార్గాల్లో ఒకటిగా పేరొచ్చాక మోటార్‌ సైకిళ్లూ కార్లూ బారులు కడుతున్నాయి. వచ్చేవాళ్లకు గదులు కావాలి, గదులకు లైట్లు కావాలి. చీకట్లో ఆలస్యంగా చేరిన కారు ఒక్కటి హైబీమ్‌తో మలుపు తిరిగితే చాలు, డాబాల మీద అరగంట నుంచి కళ్లు సిద్ధం చేసుకున్నవాళ్ల కష్టమంతా నీళ్లపాలు. చీకటిని చూడ్డానికి వచ్చేవాళ్లే వెలుగును మోసుకొస్తున్నారు. ఎంతమందిని రానివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఇప్పుడు హాన్లే ముందున్న అసలు సమస్య.

చీకటి పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. 1901లో నవాబ్‌ జఫర్‌ జంగ్‌ హైదరాబాద్‌లో వేధశాల పెట్టినప్పుడు ఆ ఊరు రాత్రిపూట నల్లగా ఉండేది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి పట్టిక రాయాలన్న ప్రపంచ దేశాల ప్రయత్నంలో మన నిజామియా వేధశాల కూడా పాలుపంచుకుని లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. నగరం పెరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌ను యాభై కిలోమీటర్ల అవతల జపాల్‌-రంగాపూర్‌లో పెట్టుకుంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు కూడా. నగరపు వెలుగులు అక్కడికీ నడిచొచ్చాయి. ఒకప్పుడు చుక్కల లెక్క రాసిన నగరంలో ఇవాళ పిల్లలు పాలపుంతను పాఠ్యపుస్తకంలోనే చూస్తున్నారు.

మన దక్షిణాకాశం

హాన్లే వెళ్లలేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. దానికి లేని భాగ్యం ఒకటి మనకుంది. హాన్లే ఉత్తరాన ఉండటం వల్ల దక్షిణపు చుక్కలు దానికి సరిగా అందవు. అగస్త్య నక్షత్రం అక్కడ ఎంత పైకొచ్చినా నాలుగైదు డిగ్రీలే. కొండ అడ్డొస్తే అదీ లేదు. విజయవాడలో అదే అగస్త్యుడు ఇరవై డిగ్రీల ఎత్తున జనవరి నుంచి మార్చి దాకా సాయంత్రాలు ధగధగలాడతాడు. దక్షిణ శిలువ హాన్లేలో అసలు ఉదయించదు. మనకు మే నెల మొదట్లో రాత్రి ఎనిమిదిన్నరకు దక్షిణాన కనిపిస్తుంది. దానికి కాస్త తూర్పుగా, కాస్త ఎత్తులో బైనాక్యులర్స్‌తో వెతికితే మసక బంతిలాంటిది ఒకటి దొరుకుతుంది. పేరు ఒమేగా సెంటారి. సుమారు కోటి నక్షత్రాల ముద్ద. దక్షిణం వైపు వెలుగులు లేని చోటు చూసుకుంటే చాలు... అది నల్లమల అంచు పల్లె కావచ్చు, సముద్రపు ఒడ్డు కావచ్చు, అమ్మమ్మగారి ఊరి పొలం గట్టు కావచ్చు.

చూడ్డానికీ ఓ పద్ధతుంది. నిలబడి మెడ ఎత్తితే పది నిమిషాల్లో నొప్పి పుడుతుంది. చాప మీదో, పడక కుర్చీలోనో వెల్లకిలా పడుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంటే వణుకు తగ్గుతుంది. ముందు వట్టి కళ్లతో చుక్కను పట్టుకుని, చూపు కదల్చకుండా అద్దాలు కళ్ల ముందుకు తేవాలి. పిల్లల చేతికిచ్చినప్పుడు ఒక్క జాగ్రత్త: వాటితో సూర్యుడి వైపు చూడకూడదు. చూపే పోతుంది.

హాన్లేకే వెళ్లాలనుకునేవాళ్లు మే నుంచి అక్టోబరు మధ్య అమావాస్యకు అటూ ఇటూ ఉన్న వారం ఎంచుకోవాలి. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతుల నిబంధనలు మారుతుంటాయి, లేహ్‌లోనే కనుక్కుని బయల్దేరాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడగాలి. ఊరికి వెలుతురుండగానే చేరాలి. చేరాక ఇంటివాళ్లు తెరలు వేయమంటే వేయాలి.

ఇంట్లోనే మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇన్ని షరతులు లేవు. అమావాస్య రోజు, ఓ బైనాక్యులర్స్‌, ఓ చాప. ఆ రాత్రికి డాబా మీది బల్బు ఆర్పి, పక్కింటివాళ్లనూ ఓ అరగంట ఆర్పమని అడిగితే సరి. ఎందుకని అడుగుతారు. వాళ్లనూ పైకి రమ్మంటే పోలా!